చొక్కా విప్పని మొసలి

పోయిన వారం మనం మొసలి మాస్టార్ని ఈతకొలను గట్టున నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఒక కాలు నీళ్లలో, ఒక కాలు గట్టు మీద. ఎదురుగా టై కట్టుకున్న కుర్ర మేనేజరు. వెనక గేటు దగ్గర్నుంచి, పిడికిలి బిగించి, చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తున్న ఆయన భార్య. ఈ వారమే పత్రిక చేతికి దొరికినవాళ్ల కోసం సంగతేమిటో నాలుగు ముక్కల్లో చెప్పేసి ముందుకు పోదాం.

మాస్టారికి అరవై దాటాయి. ఊళ్లో సగంమందికి ఈత నేర్పిన మనిషి. ముక్కూ కళ్లూ మాత్రం పైకి పెట్టి, నీళ్లలో కదలకుండా తేలుతూ, నేర్చుకునేవాళ్లు కాళ్లు ఎలా కొడుతున్నారో చూస్తూంటాడు కనక ఆ పేరు. అలాంటి మొసలికి ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ వచ్చింది. మగ హార్మోనే ఆ రోగానికి మేత, ఆ మేత ఆపెయ్యాలి అన్నాడు డాక్టరు. ఇంజెక్షన్ కావాలా, రోజూ ఒక మాత్ర కావాలా అని అడిగితే, "సూది కోసం వరసలో నిలబడి ప్యాంటు వదులు చేసుకునే రకం కాదు నేను. మాత్రే ఇవ్వండి" అన్నాడు మనవాడు దర్జాగా. రోగం అణిగింది. రోగంతోపాటు ఇంకా చాలా అణిగాయి. ఛాతీ మాత్రం అణగకపోగా పొంగింది.

ఆ పొంగు ఎవరి కంటా పడకూడదని మాస్టారు చొక్కాతో నీళ్లలో దిగడం మొదలుపెట్టాడు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, "చొక్కాలతో నీళ్లలోకి దిగరాదు" అని గోడ మీద ఎర్ర రంగుతో రాయించింది ఆయనే. ఒకప్పుడు ఎవరో వదులు చొక్కాతో దూకితే, అది మొహానికి చుట్టుకుని ఊపిరాడక చావు తప్పి బయటపడ్డాడు. ఆ రోజు నుంచి చొక్కాతో కనపడినవాణ్ణల్లా కాలరు పట్టుకుని బయటికి లాగాడు మాస్టారు. ఆఖరికి సొంత మామగారిని కూడా లాగాడు, ఆ పెద్దాయన పోయేదాకా అల్లుడితో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు ఆదివారం అవతలి పేట జట్టుతో యాభై దాటినవాళ్ల రిలే ఉంది. నలుగురు ఈదాలి, చివరి వంతు ఎప్పట్లాగే మాస్టారిది. మేనేజరు ఆ గోడ వైపు వేలు చూపించి అన్న మాట ఇది: చొక్కా విప్పి దిగండి, లేదంటే చివరి వంతూ మెళ్లో విజిలూ రెండూ ఇచ్చేసి వెళ్లండి.

అదీ సంగతి. ఇక రండి.

"ఏవండీ!" అంది మాస్టారి భార్య.

ఆవిడ మూలమలుపులో లాండ్రీ నడుపుతుంది. ఆవిడ నోట "ఏవండీ" అనే మాట ఎన్ని రకాలుగా వస్తుందో మాస్టారికి కంఠతా తెలుసు. అన్నానికి పిలిచేది ఒకటి, అటక మీంచి డబ్బా దింపమనేది ఇంకొకటి. ఇది ఆ రెండూ కాదు. ఇది కాలే ఇస్త్రీపెట్టె మీద నీళ్లు చిలికినట్టు వచ్చింది. నీళ్ల వాసనకి తల తిరుగుతుందని పెళ్లయినప్పట్నుంచీ ఆ గేటు దాటి లోపలికి రాని మనిషి, ఇవాళ తడి గచ్చు మీద చెప్పులతో సరాసరి నడిచి వచ్చేసింది. గట్టు మీద చెప్పులేసుకోకూడదనేది కూడా మాస్టారి రూలే. ఆ మాట అనడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

వచ్చి, మాస్టారి ముక్కు కింద పిడికిలి విప్పింది. అరచేతిలో మాత్రలు. చిన్నవి, గుండ్రటివి, నీలం నూలుపోగులు అంటుకుని ఉన్నాయి.

"ఏమిటివి?"

మాస్టారు నీళ్లు నమిలాడు. ఆ చోట నమలడానికి నీళ్లకేం కొదవ లేదు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. మీ నీలం ప్యాంటు జేబులో ఎందుకున్నాయివి? కడుపులో ఉండాల్సినవి కదా?"

చూశారా ఈ పెద్దమనిషి తెలివి! ఆయన భార్య ముప్ఫై ఏళ్లుగా ఊరందరి జేబులూ తిప్పి చూస్తున్న మనిషి. ఏ బట్టైనా సరే, జేబు లోపలిది బయటికి లాగకుండా నీళ్లలో వెయ్యదు. ఒకాయన కట్టుడుపళ్లు దొరికాయి ఆవిడకి, ఇంకొకాయన పెళ్లి ఉంగరం దొరికింది. అలాంటి ఇల్లాలి కంట పడకుండా మాత్రలు దాచడానికి ఈయనకి భూప్రపంచంలో దొరికిన చోటు జేబు! కొట్లోకి వచ్చే బట్టలకైతే అలా చూస్తుంది గానీ ఇంటి బట్టలకి చూడదులే అనుకున్నాట్ట. రోజూ పొద్దున్నే ఆవిడ ముందే మాత్ర నోట్లో వేసుకునేవాడు, గ్లాసెడు నీళ్లూ గటగటా తాగేవాడు. మాత్ర మాత్రం బుగ్గలో ఉండేది. ఆవిడ అటు తిరగ్గానే జేబులోకి, ఇక్కడికి రాగానే చెత్తబుట్టలోకి. రిలే హడావుడిలో పడి కొన్నాళ్లుగా ఆ చెత్తబుట్ట పనే మర్చిపోయాడు.

"అమ్మా, ఇవి మీ ఇంటి విషయాలు. ఆఫీసు గదిలో కూర్చుని..." అని మొదలుపెట్టాడు మేనేజరు.

"నువ్వాగు నాయనా. నీ మెళ్లో టై ఇస్త్రీ చేసింది నేనే. ఇంకోసారి అడ్డమొస్తే ముడతలతోనే ఇస్తాను."

మేనేజరు టై తడుముకుని రెండడుగులు వెనక్కి వేశాడు. సిమెంటు బెంచీ మీద రిలే జట్టు కూర్చుని ఉంది. అందులో బస్సు డ్రైవరు గబుక్కున తల వంచి, కట్టుకున్న నిక్కరు నాడానే మళ్లీ విప్పి కట్టుకున్నాడు. ఆయన పక్కన మాస్టారి బావమరిది, అంటే ఈవిడ తమ్ముడు, టైలరు. ఆ మనిషి ఒంటి మీద చొక్కా ఇంకా అలాగే ఉంది. చెయ్యి నడుం మీద ఉంది. మిషను తొక్కీ తొక్కీ నడుం పట్టేసిందని వారంగా నీళ్లలో దిగడం లేదు.

"మానేశాను," అన్నాడు మాస్టారు చివరికి. "మానేశాను అంటే పూర్తిగా కాదే. తగ్గించాను. పోటీ దగ్గరపడ్డప్పుడు ఈతగాడు ఏం చేస్తాడు? సాధన తగ్గించుకుంటూ వస్తాడు. రోజూ మోసే బరువు కొంచెం కొంచెం దించేస్తాడు. పోటీనాటికి ఒళ్లు దూదిలా తేలికపడుతుంది. ఇన్నేళ్లుగా అందరికీ నేను నేర్పుతున్నదే అది. మాత్రలకీ అదే చేశాను. ముందు రోజు విడిచి రోజు, తర్వాత అసలు లేదు. ఆదివారం కాగానే మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి."

"డాక్టరు మానెయ్యమన్నాడా?"

"మాత్ర కాబట్టి, ఆపేస్తే ఒంట్లోంచి తొందరగా పోతుంది అన్నాడు. నువ్వూ ఉన్నావుగా పక్కన!"

"ఉన్నాను. పోతుంది, పోతే రోగానికి మళ్లీ మేత దొరుకుతుంది, ఎముకల్లోకి పాకుతుంది, అందుకని ఒక్కరోజు కూడా వదలొద్దు అన్నాడు. మొదటి ముక్క చెవిన పెట్టుకుని రెండోది గాలికి వదిలేశారన్నమాట!" ఆవిడ గొంతు లేచింది. "పోయినసారి రక్తపరీక్ష చూసి ఆ మహానుభావుడు తల పట్టుకున్నాడు, గుర్తుందా? అణిగినది మళ్లీ పైకెందుకు లేస్తోంది, మందు పనిచెయ్యడం లేదేమో, ఇంకా గట్టిది మొదలుపెట్టాలేమో అని ఒకటే మథనపడ్డాడు. మీరు పక్కనే కూర్చుని ఎంచక్కా తల ఊపారు. మందు ప్యాంటు జేబులో కూర్చుంటే ఎక్కడ పనిచేస్తుందండీ, ప్యాంటుకా?"

బస్సు డ్రైవరుకి నవ్వొచ్చింది. దగ్గులా మార్చేశాడు.

మాస్టారి మొహం ఎర్రబడింది. చాలా రోజులుగా మింగుతున్నదంతా, మాత్ర తప్ప మిగతాదంతా, ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది.

"నీకేం తెలుసే? ఆ మాత్ర వేసుకుంటే కూర్చున్న మనిషికి కూర్చున్నట్టే ఒంట్లో కొలిమి అంటుకుంటుంది. వెన్ను కింద మొదలై మెడ దాకా పాకుతుంది, చొక్కా పిండితే కారేంత చెమట. ఆ వెంటనే చలి. సబ్బు ప్రకటనలో పసిపాపని చూసి ఏడ్చాను. నేను! సబ్బు ప్రకటనకి! నీళ్లలో చెయ్యి వేస్తే అది నా చెయ్యి కాదు. ఒకప్పుడు ఒక్క తోపుతో సగం దూరం పోయే మనిషిని, మాత్ర మొదలయ్యాక గోడ పట్టుకుని రొప్పేవాణ్ణి. చొక్కా రాసుకుంటే ఛాతీ సలుపుతుంది. ఇక మన గదిలో సంగతి..." గొంతు తగ్గించాడు. "అది నీకు చెప్పక్కర్లేదు. నువ్వు అటు తిరిగి పడుకుంటే, పోనీలే బతికించింది అనుకుంటున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుతో చస్తున్నాను."

ఆవిడ మొహంలో కోపం కాస్త పక్కకి జరిగింది.

"సూది అయితే ఎవరో పొడిచారు, నేనేం చెయ్యను అనుకోవచ్చు," అన్నాడు మాస్టారు. "ఇది అలా కాదే. రోజూ పొద్దున్నే, నా చేత్తో నేనే, నన్ను కొంచెం కొంచెం తగ్గించుకోవాలి. మానేశాక చూడు, నీళ్లు మళ్లీ నా మాట విన్నాయి. ఆదివారం ఒక్కరోజు పాత మనిషిలా ఈదాలనుకున్నాను. అంత పాపమా?"

"నాకేం తెలుసు అన్నారు కదూ?" ఆవిడ మెల్లిగా మొదలుపెట్టింది. "ఈ తడిసిన దుప్పట్లు ఎవరు ఉతుకుతున్నారనుకున్నారు? పొద్దున్నే దుప్పటి పట్టుకుంటే ఆ రాత్రి మీకెలా గడిచిందో చెప్పగలను నేను. అటు తిరిగి పడుకునేది మీ మీద కోపంతో కాదు, ఇటు తిరిగితే మీరు మొహం చాటేసుకుంటున్నారని. సబ్బు ప్రకటనకి మీరు ఏడుస్తుంటే నాకు ముద్దొచ్చారు తెలుసా? ముప్ఫై ఏళ్లలో మీ కంట నీళ్లు చూడటం అదే మొదలు. అవును, రోజూ మీ చేత్తో మీరే వేసుకోవాలి. తగ్గించుకోవడం అంటారేం? రోజూ పొద్దున్నే మీ చేత్తో మీరే ఇంకో రోజు బతుకుతానని నాకు మాటిస్తున్నారనుకున్నాను ఇన్నాళ్లూ. గ్లాసు అందిస్తూ మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ మాటని బుగ్గలో దాచి చెత్తబుట్టలో వేశారు."

మాస్టారు తల దించేసుకున్నాడు.

"రోగమంటే మీకు భయం లేదు," అంది ఆవిడ. "నాకు తెలుసు, లేదు. ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వుతారని భయం. ఇంత ఎత్తు మనిషికి, అదండీ భయం."

"ఎవరికే భయం?"

"మీకే."

"నాకా?"

మాస్టారు నీళ్లలో ఉన్న కాలు బయటికి తీశాడు. రెండు కాళ్లూ గచ్చు మీద ఆనించి నిటారుగా నిలబడ్డాడు. మేనేజరు వైపు తిరిగాడు.

"ఇదిగో టై బాబూ. నువ్వు చెప్పావని విప్పుతున్నాననుకునేవు. గోడ మీద ఆ మాట రాయించింది నేను. నా రూలు నేను తప్పను, అందుకు."

గుండీలు ఒక్కొక్కటే తీశాడు. చొక్కా భుజాల మీంచి జారి కాళ్ల దగ్గర పడింది. వెడల్పాటి ఆ భుజాల కింద, నెరిసిన వెంట్రుకల మధ్య, రెండు వైపులా మెత్తగా ఉబ్బిన ఛాతీ. తాళాలు బాగుచేసే మేస్త్రీ, మూడో వంతు ఈదే ఆయన, ఉన్నపళాన కప్పు కేసి చూడటం మొదలుపెట్టాడు, అక్కడ ఏదో తాళం వేలాడుతున్నట్టు. లోతు తక్కువ వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వండి," అన్నాడు మాస్టారు. ఆ గొంతు కొలను అవతలి గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. "కడుపు నిండా నవ్వండి. ఇది క్యాన్సర్ మాత్ర పెట్టిన బుట్టెడు సామాను. నేను తెచ్చుకున్నది కాదు, తిని పెంచుకున్నదీ కాదు. నన్ను చంపడానికి వచ్చినదాన్ని కట్టడి చేస్తుంటే దారిలో ఇది పెరిగింది. నవ్వడం అయ్యాక ఒక్కడు రండి, నాతో అవతలి గోడ దాకా ఈదండి. ఆ తర్వాత కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వుదురుగాని."

ఒక్కడూ రాలేదు. కిసుక్కుమన్న గొంతు ఎవరిదో కూడా ఎవరికీ తెలియకుండా పోయింది.

ఆవిడ జాకెట్లోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. అందులో ఇవాళ్టి మాత్ర ఉంది, సీసాలోంచి తీసినది, నూలుపోగులు లేనిది. తిట్టడానికి బయల్దేరేటప్పుడు కూడా అది కట్టుకుని వచ్చిందంటే ఆవిడ ఎలాంటి మనిషో మీరే అర్థం చేసుకోండి. బస్సు డ్రైవరు పరుగున వెళ్లి నీళ్ల సీసా తెచ్చాడు. మాస్టారు మాత్ర రెండు వేళ్ల మధ్య పట్టుకుని, అందరికీ కనపడేలా పైకెత్తి, నోట్లో వేసుకుని మింగాడు. మింగి, నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తి, బుగ్గలు రెండూ వేళ్లతో లాగి చూపించాడు.

"చాలా? ఇంకా లోపలికి చూస్తావా?"

"చాల్లెండి సంబడం," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "అది కాదు మాస్టారూ... మాత్ర వేసుకుంటే బలం తగ్గుతుందని మీరే అన్నారు. చివరి వంతు మరి... అవతలివాళ్లు గట్టివాళ్లు. ఓడిపోతే..."

"ఓడిపోతే ఓడిపోతాం. చివరి వంతు నాదే. అవతలివాడు గోడ తాకి, ఒళ్లు తుడుచుకుని, బట్టలు మార్చుకుని ఇంటికిపోయినా సరే, నేను నా గోడ తాకేదాకా నీళ్లలోంచి లేవను. కూర్చోగలిగితే కూర్చుని చూడు."

బస్సు డ్రైవరు చప్పట్లు కొట్టాడు. తాళాల మేస్త్రీ కప్పు మీంచి చూపు దించి ఈలేశాడు. మేనేజరుకి ఏం చెయ్యాలో తోచక తనూ రెండు చప్పట్లు కొట్టి, టై సర్దుకున్నాడు. కథ ఇక్కడితో ఆపేస్తే అందరం హాయిగా ఇళ్లకి పోవచ్చు. కానీ ఆ చొక్కా ఇంకా గచ్చు మీద పడి ఉంది.

ఆవిడ వంగి తీసింది. చేతికి బట్ట దొరికితే జేబు తిప్పకుండా ఉండలేని చెయ్యి కదా, జేబు తిప్పింది. ఖాళీ. అలవాటు కొద్దీ చొక్కా మొత్తం తిరగేసింది. తిరగేసి, ఆగిపోయింది. ఛాతీ దగ్గర లోపలివైపు, మెత్తటి పాత నూలుగుడ్డ రెండు పొరలు వేసి, కుట్టు ఒంటికి తగలకుండా అంచులు లోపలికి మడిచి ఉంది. దాని మీద బొటనవేలు నెమ్మదిగా రాసింది.

"ఇది మా తమ్ముడు కుట్టిందేనా?"

"ఆ. వాడే. వదులుగా కుట్టరా అన్నాను, నాలుగు కుట్టిచ్చాడు."

"ఈ మెత్తగుడ్డ వెయ్యమని మీరే చెప్పారా?"

"నేనేం చెప్పలేదే. వాడే వేశాడు. అది లేకపోతే తొడుక్కోలేకపోయేవాణ్ణి."

"గుడ్డ రాసుకుంటే అక్కడ సలుపుతుందని వాడికెలా తెలుసు?"

మాస్టారు ఎప్పుడూ ఆ ప్రశ్న వేసుకోలేదు. రోగం సంగతి బావమరిదికి చెప్పాడు, చొక్కాలు కావాలి కాబట్టి. మాత్రలు మానేసిన సంగతీ చెప్పాడు, సంతోషం పట్టలేక. ఇంకెవరికీ చెప్పలేదు. ఆ రెండుసార్లూ వాడు టేపు మెళ్లో వేసుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఊఁ కొడుతూ విన్నాడు.

ఆవిడ చొక్కా పట్టుకుని బెంచీ దగ్గరికి నడిచింది. టైలరు అక్క కళ్లలోకి చూడలేదు. అడక్కముందే తన చొక్కా పై గుండీలు రెండు తీసి, అంచు పట్టుకుని కొద్దిగా పక్కకి తిప్పి చూపించాడు. అదే నూలుగుడ్డ. అవే రెండు పొరలు. ఉతికి ఉతికి పలచబడి ఉంది.

"ముందు నాకు కుట్టుకున్నానక్కా," అన్నాడు. "బాగా కుదిరింది. అందుకని బావకీ అలాగే కుట్టాను."

"ఒరేయ్..." ఆవిడ బెంచీ అంచు పట్టుకుని వాడి పక్కన కూలబడింది. "ఎప్పట్నుంచిరా?"

"బావ కన్నా ముందే."

"నాకొక్క మాట చెప్పలేదేంరా? మరి మాత్ర? వేసుకుంటున్నావా లేదా? చెప్పు!"

టైలరు మాస్టారి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే మాస్టారిని నిలువునా కోసింది.

"వేసుకునేవాణ్ణి. ఒక్కరోజు తప్పలేదు. బావ నా కొట్లోకి వచ్చి చెప్పాడు చూడు, మానేశాన్రా, నీళ్లు మళ్లీ నా మాట వింటున్నాయి అని. ఆ రాత్రి నా సీసా కూడా మూత బిగించి లోపల పెట్టేశాను. బావంతటి వాడు మానేశాడంటే ఏం కాదులే అనుకున్నాను."

మాస్టారికి ఛాతీ మీద చల్లగాలి తగిలింది. ఇందాకట్నుంచి బట్ట లేకుండానే ఉన్నాడు, ఇప్పుడు తెలిసింది. తడికాళ్లతో వచ్చి బావమరిది ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"లేరా," అన్నాడు. "లే. ఇప్పుడే, ఈ నిక్కరుతోనే వస్తాను. డాక్టరు దగ్గరికి పోదాం. ఇద్దరం కలిసి తిట్లు తిందాం. లే."

చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని టైలరు బలమంతా పెట్టి లేవబోయాడు. సగం లేచాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. మళ్లీ బెంచీ మీద కూలబడి, బావ వేళ్లని నలిగిపోయేలా పట్టుకున్నాడు.

"నువ్వు లేపినా లేవలేను బావా," అన్నాడు. "ఈ నడుం నొప్పి మిషను వల్ల కాదని నాకెప్పుడో తెలుసు."